మెలిక విప్పిన చోట

ఇల్లు కట్టేటప్పుడు నెట్‌వర్క్ సంగతి ఏ దశలో గుర్తొస్తుందో గమనించండి. గోడలకు గాడి కొట్టి పైపులు వేసేటప్పుడు లైట్లు, ఫ్యాన్లు, ఏసీ, గీజరు పాయింట్లు మాత్రం లెక్కపెడతారు. ప్లాస్టరింగు సగంలో ఉండగా ఎవరో గుర్తుచేస్తే ల్యాన్ కేబుల్ ఒక బాక్సు తెప్పిస్తారు. బాక్సు మీద క్యాట్ 6 (కేటగిరీ, అంటే తరగతి 6) అని ఉంటే చాలనుకుంటారు. రంగులు వేసి, గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టుకున్నాక, అన్నిటికన్నా చివర గోడ ప్లేట్లు కొంటారు. అవి పక్కనున్న స్విచ్ బోర్డు రంగుకు నప్పితే సరిపోతుంది. చిన్న ఆఫీసుల్లోనూ ఇదే వరస. ఈ వరస తలకిందులైందని నా వాదన. అలంకారంగా ఎంచుకునే ఆ ప్లేటు, దాని వెనక దాగి ఉండే జాకు, ఆ జాకులో తీగలను బిగించిన తీరు, వీటి దగ్గరే నెట్‌వర్క్ నిలబడటమో కూలబడటమో జరుగుతుంది. కేబుల్ మీది అంకెకు విలువ లేదని కాదు. ఆ అంకె ఇచ్చిన హామీని గోడ దాకా తెచ్చి, చివరి రెండు సెంటీమీటర్లలో పోగొట్టుకోవడం చాలా తేలిక. ఎందుకో తెలియాలంటే కేబుల్ తొడుగు ఒలిచి లోపల చూడాలి.

లోపల 8 సన్నని రాగి తీగలుంటాయి. అవి విడివిడిగా ఉండవు. రెండేసి చొప్పున తాడు పేనినట్టు పేనిన 4 జంటలుగా ఉంటాయి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ఒక్కోదానికి తోడు అదే రంగు చార ఉన్న తెల్ల తీగ. ఈ పేనడం కేబుల్ చక్కగా కనపడటానికి చేసింది కాదు. టెలిఫోను పుట్టిన కొత్తలో ఒక లైను మాటలు పక్క లైనులో వినపడేవి. తర్వాత విద్యుత్ ట్రాములు, కరెంటు లైన్లు వచ్చి టెలిఫోను తీగల్లో రొద నింపాయి. ఒక సంభాషణకు రెండు తీగలు వాడి, ఆ రెంటినీ ఒకదానికొకటి మెలితిప్పే పద్ధతికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు పొందాడు. దాని వెనక ఉన్న సూత్రం ఇది. పక్కపక్కన సాగే రెండు తీగల మధ్య ఖాళీ సన్నని ఉచ్చులాంటిది. దగ్గరలో అయస్కాంత క్షేత్రం మారినప్పుడల్లా ఆ ఉచ్చులో చిన్న వోల్టేజీ పుడుతుంది. తీగలను మెలితిప్పితే ప్రతి మెలికకూ వాటి స్థానాలు తారుమారవుతాయి. కాబట్టి ఒక మెలికలో పుట్టిన వోల్టేజీకి తర్వాతి మెలికలో పుట్టింది ఎదురుదిశలో ఉంటుంది. రెండూ చెల్లుకు చెల్లు. అవతలి చివర ఉన్న పరికరం ఒక్కో తీగలోని వోల్టేజీని విడిగా చూడదు, రెంటి మధ్య తేడానే చూస్తుంది. అందుకని రెంటిలోనూ సమానంగా చేరిన రొద దాని కంటికి ఆనదు. 140 ఏళ్ళు దాటినా ఈ ఉపాయం వాడుకలోనే ఉంది.

బయటి రొద కన్నా లోపలి రొదే నేటి నెట్‌వర్క్‌కు పెద్ద సమస్య. 1999లో ఈ రాగి తీగలకు ప్రమాణంగా వచ్చిన గిగాబిట్ ఈథర్నెట్ 4 జంటలనూ వాడుకుంటుంది, ప్రతి జంట మీదా ఒకేసారి రెండు వైపులా సంకేతాలు నడుపుతుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్ల క్యాట్ 5ఇ కేబుల్ దాటేసరికి సంకేతం సుమారు 22 డెసిబెళ్ళు తగ్గుతుంది. 10 డెసిబెళ్ళు తగ్గడమంటే శక్తి పదో వంతు కావడం, 20 తగ్గడమంటే నూరో వంతు కావడం. ఈ లెక్కన అవతలి చివరికి చేరేది బయలుదేరిన శక్తిలో 150వ వంతు కూడా ఉండదు. అంత నీరసించి వచ్చిన సంకేతాన్ని, పక్క జంటల మీద అప్పుడే పూర్తి బలంతో బయలుదేరుతున్న సంకేతాల సమక్షంలో పట్టుకోవాలి. పెళ్ళిపందిట్లో సన్నాయి, డోలు పక్కనే కూర్చుని, ఆ మూల నుంచి ఎవరో చెప్పే కబురు వినడం లాంటి పని ఇది. జంట నుంచి జంటకు జరిగే ఈ చొరబాటును ఆపడానికే ఒకే కేబుల్‌లోని 4 జంటలకూ మెలికల దూరం వేరువేరుగా పెడతారు. అన్నీ ఒకే లెక్కన తిరిగితే పక్కపక్క జంటల మెలికలు ఒకదానితో ఒకటి జత కలిసి, చెల్లుకు చెల్లు కావలసింది పోగవుతుంది. చాలా క్యాట్ 6 కేబుళ్ళలో జంటలను ఎడంగా ఉంచడానికి మధ్యలో కూడిక గుర్తు ఆకారంలో ప్లాస్టిక్ వెన్ను కూడా ఉంటుంది. ఫ్యాక్టరీలో ఇంత జాగ్రత్తగా చేసిన పని అంతా గోడ ప్లేటు దగ్గరకు వచ్చేసరికి మనిషి చేతిలో పడుతుంది.

ఎందుకంటే జాకులో బిగించాలంటే మెలిక విప్పక తప్పదు. ఎంత విప్పవచ్చో ప్రమాణాలు కచ్చితంగా చెబుతాయి. క్యాట్ 5ఇకైనా, క్యాట్ 6కైనా 13 మిల్లీమీటర్లు, అంటే ఒక్క మెలిక మేరకు, అంతే. పని తేలికగా సాగుతుందని జంటలన్నిటినీ రెండంగుళాల మేర విప్పేసి, తీగలను దువ్వినట్టు తిన్నగా చేసి జాకులో కూరితే, ఆ రెండంగుళాల్లో ఎనిమిది తీగలూ ఒకదానికొకటి సంకేతాలు అంటించుకుంటూ ఉంటాయి. ఇంకో చిక్కు ఉంది. ఆర్‌జే45 ప్లగ్గులో 8 తీగలూ వరసగా, సమాంతరంగా కూర్చోవాలి కాబట్టి అక్కడ చొరబాటు ఎలాగూ తప్పదు. దీన్ని ఎదుర్కోవడానికి మంచి క్యాట్ 6 జాకు లోపల చిన్న సర్క్యూట్ పెడతారు. ప్లగ్గులో చొరబడిన సంకేతానికి సరిగ్గా వ్యతిరేకమైన చొరబాటును అది కావాలనే పుట్టిస్తుంది, ముల్లును ముల్లుతోనే తీసినట్టు. అంటే జాకు లోపల ఒక కొలతా, ఒక లెక్కా ఉన్నాయి. ఆ లెక్క ఎంత తేడా తెస్తుందో అమెరికా టెలికాం పరిశ్రమ సంఘమైన టీఐఏ ప్రమాణపు అంకెల్లో కనిపిస్తుంది. 100 మెగాహెర్ట్జ్ వద్ద, దగ్గరి చివర (సంకేతం బయలుదేరే వైపు) చొరబాటు క్యాట్ 5ఇ జాకులో కనీసం 43 డెసిబెళ్ళు కిందికి ఉండాలి, క్యాట్ 6 జాకులో 54. ఈ 11 డెసిబెళ్ళ తేడా అంటే అనుమతించే రొద పన్నెండో వంతుకు పడిపోవడం. కాబట్టి గోడలో క్యాట్ 6 కేబుల్ పరిచి, చివర్లో రంగు నప్పిందని ఏదో పాతరకం జాకు బిగిస్తే ఆ లైను మొత్తాన్నీ క్యాట్ 6 అనడానికి వీల్లేదు. వరసలో అన్నిటికన్నా తక్కువ తరగతి ఏదో, లైను తరగతి అదే.

ఎలక్ట్రీషియన్ దగ్గరుండే చిన్న టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లన్నీ వరసగా వెలిగాయి కదా, ఇంకేం కావాలి అని చాలామంది అడుగుతారు. సహేతుకమైన ప్రశ్నే, కానీ ఆ లైట్లు చెప్పేది తీగ తెగలేదని, ఇటు ఒకటో తీగ అటు ఒకటో స్థానంలోనే ఉందని మాత్రమే. ఏ తీగ ఏ తీగతో పేనుకుని ఉందో ఆ టెస్టర్‌కు తెలియదు. ఆర్‌జే45లో జంటల అమరిక వింతగా ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా వాడే టీ568బీ వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జంట విడిపోయి 3, 6 స్థానాల్లో కూర్చుంటే, నీలం జంట దాని మధ్యలోకి 4, 5 స్థానాల్లో దూరింది. మధ్య రెండు స్థానాలూ టెలిఫోను లైనువి కాబట్టి పాత అలవాటును కదపకుండా కొత్తవాటిని చుట్టూ సర్దారు. ఈ చరిత్ర తెలియని మనిషి రంగులను జంటలుగా, చూడముచ్చటగా, వరసగా పేర్చేస్తాడు. రెండు చివరలా అలాగే పేరిస్తే టెస్టర్ లైట్లన్నీ వెలుగుతాయి. కానీ 3, 6 స్థానాలను వాడే సంకేతం ఇప్పుడు ఒక ఆకుపచ్చ తీగ మీద, ఒక నీలం తీగ మీద పోతుంది. ఆ రెండూ ఒకదానితో ఒకటి పేనుకున్నవి కావు. బెల్ పేటెంటు ఆ లైనులో రద్దయినట్టే. గిగాబిట్ రావలసిన చోట 100 మెగాబిట్ వస్తుంది, లేదా వీడియో కాల్ మధ్యమధ్యలో ఆగుతుంది. నింద మాత్రం ఇంటర్నెట్ కంపెనీ మీద పడుతుంది. ఇలాంటి జంట తప్పులను పట్టే టెస్టర్లు ఉన్నాయి. చొరబాటు, ప్రతిఫలనం, సంకేత క్షీణత అన్నీ కొలిచి చెప్పే సర్టిఫికేషన్ యంత్రాలూ ఉన్నాయి. అవి ఖరీదైనవి, ఇంటికి కొనేవి కావు. కానీ 30, 40 పాయింట్ల ఆఫీసుకు పని అప్పగించేటప్పుడు, పాయింటు వారీగా ఆ కొలతల నివేదిక ఇస్తేనే బిల్లు చెల్లిస్తామని ముందే ఒప్పందం రాసుకోవడంలో తప్పేమీ లేదు.

ఇక ప్లేటు సంగతి. మార్కెట్లో మూడు రకాల ఏర్పాట్లు కనపడతాయి. మొదటిది అసలు ప్లేటే లేకపోవడం: గోడకు చిల్లి, దానిలోంచి వేలాడే కేబుల్, చివర క్రింప్ చేసిన ప్లగ్గు. రెండోది వెనక, ముందు రెండు వైపులా సాకెట్టే ఉన్న కప్లర్ రకం. గోడ లోపలి కేబుల్‌కు ప్లగ్గు కొట్టి వెనక నుంచి గుచ్చుతారు. మూడోది తీగలను పంచింగ్ టూల్‌తో జాకు వెనక ఉన్న కోత పళ్ళ మధ్యకు దిగ్గొట్టే రకం. ఆ పళ్ళు తీగ మీది ప్లాస్టిక్‌ను చీల్చి రాగిని గట్టిగా పట్టుకుంటాయి, గాలి కూడా చొరబడనంత బిగువుగా. నా ఓటు నిస్సందేహంగా మూడోదానికే. కారణం లోహంలో ఉంది. గోడలో వేసే కేబుల్‌లో ఒక్కో తీగా ఒంటి రాగి పోగు. అది సంకేతాన్ని బాగా మోస్తుంది, కానీ పదే పదే వంచితే విరుగుతుంది. జాకు నుంచి పరికరానికి వేసే ప్యాచ్ కార్డులో వాడేవి సన్నని పోగులు కలిపిన తీగలు. అవి ఎంత వంచినా ఓర్చుకుంటాయి, దూరం పోయేకొద్దీ సంకేతాన్ని కాస్త ఎక్కువ పోగొడతాయి. గోడలోది కదలకూడదు, బయటిది కదలాలి. ఆ రెండు స్వభావాలు కలుసుకునే సరిహద్దు ప్లేటు. చిల్లిలోంచి కేబుల్‌ను నేరుగా బయటికి తెస్తే, కదలకూడని తీగను రోజూ కదుపుతున్నట్టు. జాకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 750 సార్లు గుచ్చి తీసినా తట్టుకోవాలి. ఆ తర్వాత అరిగితే జాకు ఒక్కటే మారుస్తాం. కప్లర్‌లో దోషం ఏమిటంటే, ఒక కలయిక ఉండవలసిన చోట రెండు వస్తాయి. పైగా ఒంటి పోగు తీగకు ప్లగ్గు కొట్టడం, సరైన ప్లగ్గు ఎంచుకోకపోతే, నమ్మదగిన పని కాదు.

ప్లేటు ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు కదా, దాన్ని మొదటే ఎంచుకోవడం దేనికి? మార్చుకోవచ్చు, దాని వెనక చోటు ఉంటే. క్యాట్ 6 కేబుల్ మందం సుమారు 6 మిల్లీమీటర్లు. దాన్ని వంచేటప్పుడు వంపు వ్యాసార్ధం మందానికి 4 రెట్లకు, అంటే 24 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంతకన్నా బిగుతుగా వంచితే లోపలి జంటల అమరిక నలిగి, 100 ఓమ్‌ల దగ్గర నిలకడగా ఉండాల్సిన ఇంపిడెన్స్ అక్కడ మారిపోతుంది. మారిన చోట సంకేతంలో కొంత గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తిరుగుతుంది. ప్లేటు వెనక జాకు పొడవు, ఆ పైన ఈ వంపు, ఆ పైన ఎప్పుడైనా జాకు మార్చడానికి కావలసిన జానెడు అదనపు కేబుల్, ఇవన్నీ పట్టాలంటే గోడలో పెట్టే బాక్సు లోతుగా ఉండాలి. ఆ బాక్సును మేస్త్రీ ప్లాస్టరింగుకు ముందే బిగిస్తాడు. పైగా మన దగ్గర మాడ్యులర్ స్విచ్ బోర్డుల కొలతలు కంపెనీకో తీరు. ఒకరి ఫ్రేములో ఇంకొకరి ల్యాన్ మాడ్యూల్ సరిగా కూర్చోదు. చాలా సందర్భాల్లో ఆ కంపెనీ ఇచ్చే జాకు ఏ తరగతిదో ప్యాకెట్టు మీద చదివితే తప్ప తెలియదు. కీస్టోన్ అనే చిన్న కిటికీ ఉన్న ప్లేటు తీసుకుంటే ఈ బంధం తెగుతుంది. ఆ కిటికీ కొలత దాదాపు అన్నిచోట్లా ఒకటే కాబట్టి ప్లేటు ఒకరిది, జాకు ఇంకొకరిది పెట్టుకోవచ్చు. ఇవాళ క్యాట్ 6 జాకు, రేపు ఫైబర్ జాకు కూడా అదే కిటికీలో దిగుతుంది. కనుక గాడి కొట్టేనాటికే ప్లేటు, బాక్సు ఏవో తేలిపోయి ఉండాలి. కేబుల్ తర్వాత లాగినా ఫరవాలేదు.

కేబుల్ విషయంలో అంకె కన్నా ముందు చూడవలసింది లోహం. చవక కేబుళ్ళలో చాలావాటిలో ఉండేది రాగి కాదు, అల్యూమినియం తీగ మీద పల్చటి రాగి పూత. వ్యాపారులు దీన్నే సీసీఏ అంటారు. టీఐఏ ప్రమాణాలు క్యాట్ 5ఇ, క్యాట్ 6 పేరుతో ఇలాంటి తీగను ఒప్పుకోవు. బాక్సు మీద ఆ పేరు మాత్రం దర్జాగా ఉంటుంది. దీన్ని సమర్థించేవాళ్ళు శాస్త్రం నుంచే ఒక వాదన తెస్తారు: ఎక్కువ ఫ్రీక్వెన్సీ సంకేతం తీగ పైపొరలోనే ప్రవహిస్తుంది కాబట్టి లోపల ఏ లోహమైతేనేం అని. వాదన సగం నిజం. 100 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో సంకేతం ప్రధానంగా 0.007 మిల్లీమీటర్ల లోతులోపే ఉంటుంది. పరిమాణంలో 10 శాతం రాగి ఉన్న 24 గేజి తీగ మీద పూత మందం లెక్కగడితే సుమారు 0.013 మిల్లీమీటర్లు. అక్కడిదాకా సరిపోతుంది. కానీ ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఆ లోతు పెరుగుతుంది, 1 మెగాహెర్ట్జ్ దగ్గర 0.066 మిల్లీమీటర్లకు చేరుతుంది. సుమారు 25 మెగాహెర్ట్జ్‌కు దిగువన సంకేతం పూత దాటి అల్యూమినియంలోకి దిగిపోతుంది, గిగాబిట్ సంకేతంలో గణనీయమైన భాగం ఆ దిగువ ప్రాంతంలోనే ఉంది. అంతకన్నా పెద్ద దెబ్బ మళ్ళీ ప్లేటు దగ్గరే తగులుతుంది. జాకులోని కోత పళ్ళు ఆ పల్చటి పూతను చీల్చి అల్యూమినియాన్ని గాలికి చూపిస్తాయి. అల్యూమినియం మీద వెంటనే ఆక్సైడు పొర కడుతుంది, అది విద్యుత్తుకు అడ్డం. మెత్తని లోహం కాబట్టి నొక్కిన చోట కాలక్రమేణా కొద్దికొద్దిగా జారి పట్టు సడలుతుంది కూడా. గృహప్రవేశం రోజున బ్రహ్మాండంగా పనిచేసిన పాయింటు రెండేళ్ళకు ఆగి ఆగి పనిచేయడం మొదలుపెడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

లోహం సంగతి ఇంకో కారణానికీ ముఖ్యం: ల్యాన్ కేబుల్ ఇప్పుడు సమాచారంతో పాటు కరెంటు కూడా మోస్తోంది. సీసీ కెమెరాకు, సీలింగు మీది వైఫై యాక్సెస్ పాయింటుకు, ఆఫీసు ఫోనుకు విడిగా ప్లగ్ పాయింటు లేకుండా ఇదే కేబుల్ మీద విద్యుత్తు పంపే పద్ధతిని పీఓఈ అంటారు. 2003లో తొలి ప్రమాణం 15.4 వాట్లతో మొదలైంది, 2009లో 30 వాట్లయింది, 2018లో 90 వాట్లకు చేరింది. ఇక్కడ లెక్క బడి పుస్తకంలోదే: వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వచ్చేది. 30 వాట్ల పద్ధతిలో కరెంటు 0.6 ఆంపియర్, 100 మీటర్ల దారి నిరోధం 12.5 ఓమ్‌ల దాకా అనుకుంటారు. గుణిస్తే 4.5 వాట్లు. అందుకే అటు 30 వాట్లు పంపితే ఇటు పరికరానికి 25.5 వాట్లకే ప్రమాణం హామీ ఇస్తుంది. పూత తీగ నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు పైచిలుకు. అదే దూరంలో 7 వాట్లు గోడలోనే వేడిగా మారతాయి. ఒకటే కేబుల్ అయితే ఆ వేడి చల్లారిపోతుంది, 20 కేబుళ్ళు ఒకే పైపులో కట్టగా ఉంటే చల్లారదు. ఎండాకాలంలో మేడ మీది కెమెరాకు పోయే పైపులో పరిస్థితి ఊహించుకోవచ్చు. లోహాన్ని పరీక్షించడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. 30 మీటర్ల ముక్క తీసుకుని, ఒక చివర ఒక జంటలోని రెండు తీగలనూ కలిపి, రెండో చివర మల్టీమీటర్‌తో నిరోధం కొలవండి. 24 గేజి అసలు రాగి అయితే సుమారు 5 ఓమ్‌లు చూపిస్తుంది, పూత తీగ అయితే 8కి దగ్గరగా. రాగే అయినా మరీ సన్నగా లాగిన తీగ కూడా ఇలాగే పట్టుబడుతుంది. కత్తితో తీగ అంచు గీకితే లోపల వెండిలా మెరవడం ఇంకా సులువైన ఆనవాలు.

లోహం తేలాక అంకె. క్యాట్ 5ఇ 100 మెగాహెర్ట్జ్ దాకా, క్యాట్ 6 250 దాకా, క్యాట్ 6ఏ 500 దాకా పరీక్షకు నిలబడతాయి. ఇప్పటికే గోడలో క్యాట్ 5ఇ ఉన్నవాళ్ళు దాన్ని పీకించనక్కర్లేదు. 100 మీటర్ల దాకా గిగాబిట్ దాని మీద హాయిగా నడుస్తుంది. పాత కేబుళ్ళను వదలకుండా వేగం పెంచడానికే 2016లో 2.5, 5 గిగాబిట్ల ప్రమాణం తెచ్చారు. కొత్తగా వేసేవాళ్ళకు మాత్రం క్యాట్ 6 నా సలహా. పైపు, మేస్త్రీ కూలి, ప్లాస్టరింగు ఖర్చుల పక్కన ఆ తేడా ఎంతో కాదు. 10 గిగాబిట్ కూడా దాని మీద అనుకూల పరిస్థితుల్లో 55 మీటర్ల దాకా పోతుంది, ఇంట్లో అంత దూరం ఉండే పాయింటు అరుదు. పెద్ద ఆఫీసు అంతస్తుల్లో, ముఖ్యంగా యాక్సెస్ పాయింట్లకు, క్యాట్ 6ఏ పెట్టడం న్యాయమే, కాకపోతే దాని మందానికి తగ్గ పైపూ, లోతైన బాక్సూ ముందే ఉండాలి. క్యాట్ 7, క్యాట్ 8 అని ఇంటికి అంటగట్టేవాటిని నిర్మొహమాటంగా వద్దనండి. క్యాట్ 7ను టీఐఏ గుర్తించనేలేదు, దాని అసలు కనెక్టరు ఆర్‌జే45 కూడా కాదు. క్యాట్ 8 డేటా సెంటర్ల కోసం, 30 మీటర్ల లోపు దూరాలకు తయారైంది. లోహపు రేకు చుట్టిన కేబుల్ అయితే ఇంకా భద్రం కదా అనుకోవడం కూడా పొరపాటే. ఆ రేకును తగిన జాకు ద్వారా సరైన ఎర్త్‌కు కలపకపోతే అది రొదను ఆపకపోగా ఏరియల్‌లా పోగుచేయగలదు. ఎర్తింగు మీద నమ్మకం లేని ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో. ఇంట్లో రేకు లేని సాదా కేబుల్‌ను కరెంటు తీగలకు దూరంగా, వేరే పైపులో తీసుకెళ్ళి, దాటవలసిన చోట అడ్డంగా దాటిస్తే మెలికే దాని కాపలా.

ఇంతటి శ్రమ దేనికి, వైఫై ఉందిగా అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఫోన్లకు, ట్యాబ్లెట్లకు వైఫైకి మించింది లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ రేడియో తరంగం ఉమ్మడి బావి లాంటిది. ఒక చానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు, అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాట్ల రౌటర్లూ అదే బావిలో చేద వేస్తాయి. మన ఇళ్ళు ఇటుక గోడలవి, ఇనుప కడ్డీలు అల్లిన స్లాబులవి; వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ తరంగం రెండు గోడలు దాటేసరికి డస్సిపోతుంది. దీనికి మందు గదికో, అంతస్తుకో యాక్సెస్ పాయింటు పెట్టడం, వాటిని మళ్ళీ రౌటర్‌కు కలిపేది తీగే. కాబట్టి మంచి వైఫై కావాలన్నవాళ్ళకే గోడలో కేబుల్ ఎక్కువ అవసరం. కదలని టీవీ, డెస్క్‌టాప్, కెమెరాల రికార్డరు తీగ మీదికి వెళ్ళిపోతే గాలిలో చోటు కదిలేవాటికి మిగులుతుంది.

మరి ఫైబరే ఇంటి గుమ్మం దాకా వస్తోంది, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, తెలంగాణ టీ-ఫైబర్ లాంటి ప్రభుత్వ పథకాలు పల్లెలకూ తీసుకెళ్తున్నాయి, గోడలోనూ ఫైబరే వేస్తే పోలేదా? గాజు పోగు కరెంటు మోయలేదు, కెమెరాకూ యాక్సెస్ పాయింటుకూ మళ్ళీ విద్యుత్ తీగ వేయాలి. టీవీల్లో, కంప్యూటర్లలో ఉండే రంధ్రం ఆర్‌జే45దే. అయితే ఒక చోట ఫైబరే సరైనది: ఇంటి నుంచి తోటలోని షెడ్డుకో, ఆఫీసు నుంచి ఎదుటి బ్లాకుకో ఆరుబయట వెళ్ళేటప్పుడు. దగ్గరలో పిడుగు పడితే పొడవాటి రాగి తీగలో వోల్టేజీ ఎగదన్ని రెండు చివర్లలోని పరికరాలనూ కాల్చేయగలదు. గాజుకు ఆ బాధ లేదు, 100 మీటర్ల హద్దూ లేదు.

ఆ 100 మీటర్ల లెక్కలో కూడా ప్లేటు పాత్ర ఉంది. గోడలో ఉండిపోయే భాగానికి 90 మీటర్లు, రెండు చివర్లా ప్యాచ్ కార్డులకు కలిపి 10. ప్రతి పాయింటు నుంచీ కేబుల్ తెగకుండా, మధ్యలో అతుకు లేకుండా, ఇంట్లో ఒకే చోటికి చేరాలి. పాత రోజుల్లో టెలిఫోను తీగను హాలు నుంచి పడకగదికి, అక్కడి నుంచి ఇంకో గదికి పొడిగించినట్టు దీన్ని పొడిగించడానికి లేదు. ఆ ఒకే చోటు ఫైబర్ లోపలికి వచ్చే మూల కావడం మంచిది, అక్కడ గాలి ఆడాలి, రెండు ప్లగ్ పాయింట్లు ఉండాలి. భారత జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016లో సమాచార వ్యవస్థల ఏర్పాట్లకు ఎనిమిదో భాగంలో ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది. కరెంటు, నీళ్ళతో పాటు దీన్నీ భవనంలో భాగంగా చూడటం అలా మొదలైంది, కానీ ఇంటి ప్లాను గీసే చాలామంది ఇంకా ఆ పేజీ దాకా రాలేదు.

కట్టేసిన ఇంట్లో, గాడి కొట్టడం కుదరని ఫ్లాట్లో ఏం చేయాలన్నది మిగిలింది. 1990ల నుంచి కట్టిన చాలా అపార్ట్‌మెంట్లలో ప్రతి గదికీ టెలిఫోను పైపు వేశారు. ల్యాండ్‌లైన్లు పోయాక ఆ ప్లేట్లు గోడల మీద అనాథల్లా మిగిలాయి. చాలాచోట్ల లోపల తీగ ఇంకా ఉంది. ప్లేటు విప్పి, ఆ పాత తీగ చివరకు కొత్త క్యాట్ 6 కేబుల్‌ను గట్టిగా కట్టి, టేపు చుట్టి, అవతలి వైపు నుంచి నెమ్మదిగా లాగితే పైపు ఇరుకుగా లేనంతవరకు కొత్తది దాని వెంటే వస్తుంది. లాగే బలం 110 న్యూటన్లు, అంటే 11 కిలోల బరువు వేలాడదీసినంతకు మించకూడదు. అడ్డం తగిలితే బలం పెంచకుండా వెనక్కి తీసి మళ్ళీ ప్రయత్నించాలి, లేకపోతే లోపలి మెలికలు సాగిపోతాయి. బయటికొచ్చిన పాత టెలిఫోను తీగ తొడుగు ఒలిచి చూస్తే, అందులోనూ రెండు రాగి పోగులు ఒకదాన్నొకటి చుట్టుకుని కనపడతాయి.